గమకానికి మీట సరిపోదు

ఎవరో మైకు ముందు నిలబడి పాడతారు. కంప్యూటరు ఆ గొంతును విని, అందులోని పిచ్‌ను (స్వరం ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలతను) లెక్కగట్టి, ఎదుటి తెరమీద బొమ్మలను కదిలిస్తుంది. ఇలాంటి కళాకృతులు ఒకప్పుడు పరిశోధనశాలల్లోనే సాధ్యమయ్యేవి. ఇప్పుడు ఓ మోస్తరు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటే కాలేజీ విద్యార్థులు కూడా చేసి చూపిస్తున్నారు. అయితే నేను చూసినవాటిలో చాలావరకు ఒకే అమరిక కనిపిస్తుంది. పిచ్ అంకె ఒక గడిలో పడగానే ఒక బొమ్మ వెలుగుతుంది, మరో గడిలో పడగానే మరొకటి. షడ్జమానికి ఎరుపు, పంచమానికి నీలం, తారస్థాయికి వెళ్తే నక్షత్రాలు. గొంతు అక్కడ మీట నొక్కే వేలుగా మిగిలిపోతుంది. ఈ అమరిక మీద నాకున్న అభ్యంతరాన్ని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. గొంతులోని పిచ్‌ను ఎడతెగకుండా సాగే గీతగా తీసుకోవాలనీ, ఆ గీత ఎక్కడ నమ్మదగినదో ఎక్కడ కాదో కూడా బొమ్మలో కనపడాలనీ నా వాదన. కర్ణాటక సంగీతం పాడే గొంతు దగ్గరకు వచ్చేసరికి ఇది కేవలం అభిరుచికి సంబంధించిన సంగతిగా ఉండదు, ఎందుకంటే మీట పద్ధతి అక్కడ పాడని స్వరాలను పాడినట్టుగా చూపిస్తుంది.

తోడి రాగాన్ని తీసుకుందాం. తోడిలో వచ్చేవి శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. షడ్జమాన్ని సున్నాగా పెట్టుకుని అర్ధస్వరాల లెక్కలో (ఒక స్థాయికి పన్నెండు మెట్లు) చూస్తే ఇవి ఒకటి, మూడు, ఐదు మెట్లు. ఆ గాంధారాన్ని మూడో మెట్టు మీద కదలకుండా నిలబెట్టి పాడితే రాగం వెలవెలబోతుంది. రిషభం దాపు నుంచి మధ్యమం దాపు దాకా ఊపుతూ పాడతారు (ఇలాంటి ఊపునే గమకం అంటారు), ఆ ఊపునే చెవి గాంధారంగా గుర్తుపడుతుంది. ఈ ఊపును పన్నెండు గడుల సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూడండి. గొంతు పైకి వెళ్లినప్పుడూ కిందికి దిగినప్పుడూ ఒకటి నుంచి ఐదు దాకా గడులన్నీ దాటుకుంటూ పోతుంది. వాటిలో రెండో గడి చతుశ్రుతి రిషభానిది, నాలుగోది అంతర గాంధారానిది. రెండూ తోడిలో లేని స్వరాలు. అయినా తెరమీద అవి కూడా తమ వంతు వచ్చినట్టు ధీమాగా వెలుగుతాయి. చెవి శుభ్రమైన తోడి వింటూ ఉంటుంది, కన్ను మాత్రం రాగానికి చెందని స్వరాలను లెక్కపెడుతూ ఉంటుంది. సంగీతం తెలియని ప్రేక్షకుడికి కూడా అక్కడ ఏదో అతకలేదని అనిపిస్తుంది, ఎందుకంటే ఒక నిండైన పలుకు విన్న క్షణంలో అతనికి అయిదారు తునకలు కనిపించాయి.

ఈ మిణుకుమిణుకును అణచడానికి అందరూ పట్టుకునే మందు సగటు. పిచ్ అంకెలను అర సెకను మేరకు సగటు తీస్తే మిణుకు తగ్గుతుంది, దానితో పాటు గమకమూ అణగారిపోతుంది. మిగిలేది గాయని పాడనేపాడని ఒక నిలకడ స్వరం. యంత్రం దోషాన్ని దిద్దబోయి సంగీతాన్ని దిద్దడమంటే ఇదే. పది మిల్లీసెకన్లకొక అంకె వస్తున్నప్పుడు అయిదారు అంకెల మధ్యస్థాన్ని (చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే నడుమ వచ్చే అంకెను) తీసుకుంటే ఒంటరిగా ఎగిరిపడే తప్పుడు అంకెలు రాలిపోతాయి, ఊపు మిగులుతుంది. అంతకు మించి నున్నగా చేయాలనిపిస్తే, లోపం బొమ్మ అమరికలో ఉందేమోనని ముందు అనుమానించాలి.

ఈ గడుల ఆలోచన ఎక్కడిదో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. ఎలక్ట్రానిక్ వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణం సంగీతాన్ని మెట్ల అంకెలుగా పంపిస్తుంది: 0 నుంచి 127 వరకు 128 మెట్లు, ఒక మెట్టు మొదలైందని ఒక సందేశం, ముగిసిందని మరో సందేశం. కీబోర్డుకు ఇది చక్కగా సరిపోతుంది, అక్కడ నిజంగానే ఒక మీట దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మెట్ల మధ్య వంపును చెప్పడానికి వేరే సందేశం ఉన్నా, దాని వాడుక పరిధి మామూలుగా ఇటు రెండు, అటు రెండు అర్ధస్వరాలే. పైగా ఒక ఛానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసికట్టుగా వంగుతాయి. బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలాకాలం సంగీతాన్ని మిడి ద్వారానే విన్నది కాబట్టి, మైకులోంచి వచ్చిన గొంతును కూడా ముందు మిడిగా తరిగి తర్వాత వాడుకోవడం అలవాటైపోయింది. 1997లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఓఎస్‌సీ (ఓపెన్ సౌండ్ కంట్రోల్) అనే సందేశాల పద్ధతి దశాంశ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టుగా పంపగలదు, ప్యూర్ డేటా, టచ్‌డిజైనర్, ప్రాసెసింగ్ మొదలైన శబ్ద, చిత్ర సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని అందుకోగలవు. పరికరాల వైపు నుంచి అడ్డంకి తొలగి చాలా ఏళ్లయింది. తరిగే అలవాటు మాత్రం పోలేదు.

పిచ్‌ను కనిపెట్టే శాస్త్రానికీ కంప్యూటర్ బొమ్మలకూ చుట్టరికం పాతదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఎ. మైకేల్ నోల్ 1965లో న్యూయార్క్‌లోని హోవార్డ్ వైజ్ గ్యాలరీలో కంప్యూటర్ గీసిన బొమ్మలను ప్రదర్శించారు. ఆయనే 1967లో సెప్‌స్ట్రమ్ అనే లెక్కతో మాట్లాడే గొంతు పిచ్‌ను పట్టుకునే పద్ధతిని ప్రచురించారు. ఒకే మనిషి రెండు పనులూ చేశారు గాని, గొంతు పలుకుతుండగానే రెండింటినీ కలిపి నడిపించేంత వేగం అప్పటి యంత్రాలకు లేదు.

ఇప్పుడు వేగం ఉంది, అయితే ఆ వేగాన్ని ఎక్కడ ఖర్చుపెడుతున్నామో చూసుకోవాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు సాధారణంగా ఎఫ్‌ఎఫ్‌టీతో (శబ్దాన్ని వేర్వేరు కంపనాల గడులుగా విడగొట్టే లెక్కతో) మొదలుపెడతారు, ఎందుకంటే ప్రతి సాధనంలోనూ ముందుగా దొరికేది అదే. బ్రౌజర్‌లోని వెబ్ ఆడియో విశ్లేషణకు ముందే పెట్టి ఉంచిన పరిమాణం 2,048 నమూనాలు (శబ్దం నుంచి క్షణక్షణం తీసే కొలతలు). సెకనుకు 44,100 నమూనాల చొప్పున అది 46 మిల్లీసెకన్ల శబ్దం, ఒక్కో గడి వెడల్పు సుమారు 21.5 హెర్ట్జ్. ఒకటి శ్రుతిలో (కీబోర్డు మీద సి మీటను షడ్జమంగా పెట్టుకుని) పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జమం సుమారు 130.8 హెర్ట్జ్, ఆ పైన శుద్ధ రిషభం కీబోర్డు లెక్కలో 138.6. రెండూ ఒకే గడిలో పడతాయి. అందులో ఏ గడి ఎత్తుగా ఉందో చూసి పిచ్ చెప్పే ప్రోగ్రాముకు షడ్జమానికీ రిషభానికీ తేడా తెలియదన్నమాట. దీనికి తోడు, గొంతులో మూలస్వరం కన్నా రెండో మూడో ఉపస్వరం (మూలస్వరంతో పాటు మోగే పై కంపనం) బలంగా ఉండటం సర్వసాధారణం కాబట్టి, అన్నిటికన్నా ఎత్తైన గడి అసలు పిచ్‌ది కానే కాకపోవచ్చు. శబ్దాన్ని స్తంభాల వరుసగా చూపించడానికి ఎఫ్‌ఎఫ్‌టీ మంచిదే. దాన్ని నేరుగా పిచ్ అనుకోవడమే చిక్కు.

పిచ్ కోసమే పుట్టిన పద్ధతుల్లో చాలావాటికి మూలసూత్రం ఒకటి: తరంగాన్ని దాని మీదే కొంచెం జరిపి పెట్టి, ఎంత జరిపితే తనతో తాను సరిపోతుందో వెతకడం. ఆ జరుగుడే ఆవర్తన కాలం. చిక్కల్లా ఏమిటంటే, ఒక ఆవర్తనం జరిపితే సరిపోయే తరంగం రెండు ఆవర్తనాలు జరిపినా సరిపోతుంది. అందుకే ఇలాంటి ప్రోగ్రాములు ఒక్కోసారి స్థాయి తప్పి, మధ్యస్థాయి పంచమాన్ని మంద్ర పంచమంగా చెప్పేస్తాయి. అలెన్ డి షెవెన్యే, హిడెకి కవహారా 2002లో ప్రచురించిన యిన్ అనే పద్ధతి ఈ పొరపాటును చాలా తగ్గించింది, నేటికీ ఎన్నో సాధనాల లోపల పనిచేస్తున్నది అదే. 2018లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్రేప్ అనే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) నమూనా 64 మిల్లీసెకన్ల శబ్దాన్ని తీసుకుని, ఆరు స్థాయిలను 20 సెంట్ల చొప్పున 360 మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు ఎంత సంభవమో చెబుతుంది. అర్ధస్వరానికి నూరు సెంట్లు కాబట్టి, కీబోర్డు ఒక్క మీట ఇచ్చే చోట ఇక్కడ అయిదు మెట్లు ఉన్నాయి.

యిన్ అయినా క్రేప్ అయినా పిచ్ అంకెతో పాటు మరో అంకెను కూడా ఇవ్వగలవు: ఆ పిచ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే అంకె. ఈ రెండో అంకెను చాలామంది ఒక హద్దుగా వాడి పారేస్తారు. అంకె ఫలానా దానికన్నా తక్కువైతే బొమ్మ ఆపేయ్, ఎక్కువైతే వెలిగించు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో విలువైనది ఈ అంకెయే. గొంతు ఎప్పుడూ స్వరంలో ఉండదు. స, శ, ప, త, క పలికేటప్పుడు స్వరతంత్రులు కాసేపు మోగవు, పిచ్ అనేదే ఉండదు. ఊపిరి తీసుకునేటప్పుడు ఉండదు. వాక్యం చివర గొంతు బొంగురుపోయినప్పుడు పిచ్ ఉందో లేదో యంత్రమే కాదు, మనిషి కూడా ఖాయంగా చెప్పలేడు. సాహిత్యం పాడుతున్న గొంతుకూ అకారంతో ఆలాపన చేస్తున్న గొంతుకూ అసలు తేడా ఇక్కడే ఉంది: ఆలాపనలో గీత పొడుగ్గా సాగుతుంది, సాహిత్యంలో హల్లులు దాన్ని చోటుచోటుకూ తెంపుతాయి. నమ్మకం అంకెను గీత చిక్కదనానికి ముడిపెడితే ఈ తెంపులు బొమ్మలో వాటంతట అవే కనిపిస్తాయి. హద్దు పెట్టి ఆర్పేస్తే గొంతులోని ఊపిరి అంతా యంత్రం పొరపాటులా కనిపిస్తుంది.

ఆలస్యం సంగతి కూడా చెప్పుకోవాలి. టెలివిజన్ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వస్తే చూసేవారు పసిగడతారు. బొమ్మకు వెనక వస్తే సుమారు 125 మిల్లీసెకన్ల దాకా పసిగట్టలేరు. దూరాన బట్టలు ఉతికే చోట దెబ్బ ముందు కనిపించి చప్పుడు తర్వాత వినిపించడం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే, తారుమారైతేనే వింతగా తోస్తుంది. ప్రత్యక్షంగా పాడే చోట దురదృష్టవశాత్తు జరిగేది ఆ తారుమారే: గొంతు నేరుగా చెవిని చేరుతుంది, బొమ్మ మాత్రం లెక్కలన్నీ ముగించుకుని వస్తుంది. క్రేప్ ఒక్కసారికి తీసుకునే శబ్దమే 64 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ఫ్రేముల తెర మీద ఒక్కో ఫ్రేముకు మరో 16.7, ఆపైన ఆడియో బఫరు (శబ్దం కాసేపు పోగయ్యే నిల్వ), ప్రొజెక్టర్ తన వంతుగా చేసే జాప్యం. మెరుపులా వెలిగే బొమ్మకు ఈ ఆలస్యం ప్రాణాంతకం. సాగే గీతకు మాత్రం అంత హాని లేదు, ఎందుకంటే గీత ఏ క్షణాన మొదలైందన్నది దాని వంపు ముందు చిన్న సంగతి. దీన్ని ఇంకా తగ్గించే ఉపాయం ఒకటుంది. శబ్దం మొదలైందని తెలుసుకోవడానికి పిచ్ అక్కరలేదు, తీవ్రత చాలు, అది కొన్ని మిల్లీసెకన్లలో తెలిసిపోతుంది. కాబట్టి తీవ్రత పెరగగానే బూడిదరంగులో గీతను మొదలుపెట్టి, పిచ్ తేలిన తర్వాత రంగునూ వంపునూ ఇవ్వవచ్చు. చూసేవారికి జాప్యం తెలియదు, రంగు నెమ్మదిగా ఊరినట్టు ఉంటుంది.

గొంతును గీతగా చూసిన కృతులు లేకపోలేదు. గోలన్ లెవిన్, జాకరీ లీబర్‌మన్ 2003లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్స్ ఎలెక్ట్రానికా ఉత్సవానికి తెచ్చిన మెస్సా ది వోచే అందుకు మేలైన ఉదాహరణ. యాప్ బ్లాంక్, జోన్ లా బార్బరా అనే ఇద్దరు గాయకులు తెర ముందు నిలబడి పాడతారు, కూస్తారు, బుగ్గలు కొట్టుకుంటారు. కెమెరా వారి తలలు ఎక్కడున్నాయో చూస్తుంటుంది కాబట్టి ఆకారాలు వారి నోటి నుంచే పుట్టినట్టు కనిపిస్తాయి. అందులో ఒక భాగంలో పాడే గొంతు పిచ్ ఒక గీత వంపును నడిపిస్తుంది. ఏ స్వరానికి ఏ రంగు అన్న పట్టిక అక్కడ ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. గొంతు సాగినంతసేపు ఆకారం సాగుతుంది, తెగితే తెగుతుంది. పుట్టిన చోటు, సాగిన కాలం ఈ రెండింటితోనే ప్రేక్షకుడు నమ్మేస్తాడు.

పిచ్ జోలికి అసలు పోకుండా గెలిచిన కృతి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నా వాదన పిచ్ భజనలా తయారవుతుంది. రఫాయెల్ లొజానో-హెమ్మర్ 2013లో న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూ సొరంగంలో 300 దీపాలతో వాయిస్ టన్నెల్ అనే కృతిని ఏర్పాటుచేశారు. సొరంగం మధ్యలో ఉన్న ఇంటర్‌కామ్‌లో ఎవరైనా మాట్లాడితే, ఆ మాట హెచ్చుతగ్గులను బట్టి దీపాల కాంతి హెచ్చి తగ్గుతుంది. కొత్త గొంతు వచ్చిన కొద్దీ పాత గొంతులు దీపాల వరుస వెంట దూరంగా జరుగుతాయి. దారిన పోయేవారు తమ పిచ్‌ను తాము ఉద్దేశపూర్వకంగా నడపరు, ఎంత గట్టిగా మాట్లాడాలన్నది మాత్రం వారి చేతిలో ఉంటుంది. మన దగ్గర ప్రదర్శనలో మైకు పెడితే పెద్దవాళ్లు ముందుగా అనేది "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ". ఆ మాటల్లో పిచ్ వెతికి అరవై రంగులు తీయడం వృథా శ్రమ. పాల్గొనేవారు దేన్ని తెలిసి మార్చగలరో దానికే బొమ్మను ముడిపెట్టాలి. పిచ్‌ను తెలిసి మార్చగలిగేది పాడేవారు, లేదా పాడటానికి సిగ్గుపడని పిల్లలు.

స్వరాన్ని బట్టి బొమ్మ ఠక్కున మారడమనే ముచ్చటకు కంప్యూటర్లకన్నా ముందటి వంశం ఉందని నాతో వాదించేవారు గుర్తుచేస్తారు, అది నిజమే. ఎర్న్‌స్ట్ క్లాడ్ని 1787లో ప్రచురించిన ప్రయోగాల్లో పలకల మీద చల్లిన ఇసుక కొన్ని కంపనాల దగ్గర మాత్రమే స్పష్టమైన ఆకారాల్లోకి చేరుకుంటుంది. వేల్స్‌కు చెందిన గాయని మార్గరెట్ వాట్స్ హ్యూస్ 1885 నుంచి ఐడోఫోన్ అనే సాధనంలోకి పాడుతూ, బిగించిన పొర మీద పరచిన పొడులతో, రంగు ముద్దలతో పూల వంటి ఆకారాలు రాబట్టారు. ఇవి రెండూ ఒక విధంగా మీటలే. అయితే అక్కడ రెండు ఆకారాల మధ్య ఇసుక ఖాళీగా కూర్చోదు. చెదురుతుంది, కలగాపులగమవుతుంది, పాత రూపం చెరిగి కొత్త రూపం కుదిరే దాకా ఆ చెదిరిన స్థితి అందరికీ కనిపిస్తుంది. కంప్యూటరులో మనం ముందుగా తుడిచేసేది ఆ మధ్య స్థితినే.

కచేరీ వేదిక మీదికి వచ్చేసరికి వేరే చిక్కులు మొదలవుతాయి. తంబురా ఎప్పుడూ మోగుతూ ఉంటుంది, ఉపస్వరాలతో నిండుగా మోగుతుంది. గాయని ఊపిరి తీసుకున్నప్పుడల్లా ప్రోగ్రాముకు వినిపించేది షడ్జమ పంచమాలే కాబట్టి, నిశ్శబ్దంలో కూడా బొమ్మ షడ్జమానికి వచ్చి వాలుతుంది. మైకును నోటికి దగ్గరగా పెట్టి, శ్రుతిపెట్టె స్పీకరును మైకు వీపు వైపున ఉంచితే చాలావరకు తీరుతుంది. మృదంగం ఇంకా చిత్రమైనది. మామూలు డోలు తోలు ఉపస్వరాలు ఒక వరుసలో ఉండవు, కాబట్టి దాన్ని పిచ్ ప్రోగ్రాము సాధారణంగా పట్టించుకోదు. మృదంగం కుడి మూతి మధ్యన పట్టించే నల్లటి పూత వల్ల ఆ ఉపస్వరాలు తీగ వాద్యాల్లో లాగా మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా కుదురుతాయి. ఈ సంగతిని సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో సహరచయితతో కలిసి వివరించారు. పైగా మృదంగాన్ని గాయని షడ్జమానికే కలుపుతారు. దాంతో మృదంగం మీద పడిన ఒక నిండు దెబ్బను ప్రోగ్రాము, పూర్తి నమ్మకంతో, గాయని పాడిన షడ్జమంగా రాసుకుంటుంది. నమ్మకం అంకె ఇక్కడ కాపాడదు. గొంతుకు వేరే మైకు, మృదంగానికి వేరే మైకు పెట్టి, మృదంగం మైకులో దెబ్బ పడిన క్షణంలో గొంతు గీతను కాస్త అనుమానంగా చూడమని చెప్పడమే దారి.

పిచ్‌ను ఏ లెక్కలో కొలవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్లన్నీ 440 హెర్ట్జ్‌ను ప్రమాణంగా పెట్టుకుని వస్తాయి. ఐదు శ్రుతిలో పాడే గాయనికీ ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడికీ ఆ ప్రమాణంతో పనిలేదు. పాడేవారి షడ్జమాన్ని కచేరీకి ముందు నమోదు చేసుకుని, ప్రతి పిచ్‌నూ దానినుంచి ఎన్ని సెంట్ల దూరమో లెక్కగడితే, ఎవరు పాడినా అదే బొమ్మ అదే అర్థంతో నడుస్తుంది. ఇది రెండు వరుసల కోడు, అయినా చాలా కృతుల్లో కనిపించదు.

ఈ ఆలోచనలన్నిటినీ పెట్టి నేను చేసిన బొమ్మకు మెలికల ముగ్గు ఆధారం. ముగ్గులో చుక్కలను గీత తాకదు, వాటి చుట్టూ తిరుగుతుంది. తెరమీద స్వరస్థానాలు చుక్కలుగా ఉంటాయి, నిలువునా ఏడు వరుసలు. గొంతు గీత ఆ చుక్కల మధ్య నుంచి సాగుతుంది. గమకం ఊపు వెడల్పును బట్టి గీత చుక్కను దగ్గరగా చుట్టాలా, ఎడంగా చుట్టాలా అన్నది తేలుతుంది. పిచ్ ఎంత వేగంగా మారుతోందో దాన్ని బట్టి గీత సన్నబడుతుంది, జారులో వెంట్రుకంత అవుతుంది, నిలకడగా పట్టిన షడ్జమం దగ్గర పిండి పోసినట్టు లావెక్కుతుంది. తోడి గాంధారం దగ్గర ఏ చుక్కా వెలగదు. గీత అక్కడ సుడి తిరుగుతుంది, ఆ సుడి మధ్యలో ఉన్న చుక్క గాంధారమని చూసేవారికి తోస్తుంది.

దీన్ని హైదరాబాదులో ఒక చిన్న సభలో సాధన సమయంలో పెట్టి చూశాం. పెద్దావిడ, చాలామందికి పాట నేర్పినావిడ, తెరకేసి చూస్తూ కాసేపు పాడి ఆపేశారు. "బాబూ, ఈ గీత బాగుండాలని నేను గమకం సాగదీస్తున్నాను. ఇది నా పాట వినడం లేదు, నన్ను పాడిస్తోంది. తెర నా వెనక్కి పెట్టు" అన్నారు. "అలాగే టీచర్ గారూ" అని తెరను వెనక్కి మార్చాం. ఆవిడ చెప్పినది నాకు ఎంతో ముఖ్యమైన సంగతిగా తోచింది. మీటల అమరికలో పాడేవారు తెర చూడటం తప్పనిసరి, మీట పడిందో లేదో తెలియాలి కదా. గీతల అమరికలో పాడేవారికి తెర అక్కరలేదు, చూడకపోవడమే మేలు. మ్యూజియంలో దారిన వచ్చినవారి కోసం చేసే కృతికి ఇది వర్తించదు, అక్కడ తన గొంతు ఏం చేస్తోందో చూసుకోవడమే వచ్చినవారి ఆట. రెండింటికీ ఒకే అమరిక చేయబోవడం వల్లనే చాలా కృతులు రెంటికీ చెడుతున్నాయి.

నా వాదనకు బలమైన ఎదురుదాడి ఒకటుంది. గీత గీయడమంటే ధ్వనిశాస్త్ర ప్రయోగశాలలో పిచ్ పటం గీయడమే కదా, అందులో కళ ఏముంది అని. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి గీతలను మూడు దశాబ్దాలుగా గీస్తూనే ఉంది. దాన్ని పెద్ద తెరకెక్కిస్తే కళాకృతి కాదు. ఒప్పుకుంటాను. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి పిచ్ అన్న పటం చదువుకోవడానికి పనికొస్తుంది, మొదటి నిమిషం తర్వాత చూడబుద్ధి కాదు. అయితే పిచ్ గీతను పటంగానే చూపాలని ఎవరూ కట్టడి చేయలేదు. అదే అంకెల వరుసను గాలి వీచే దిశగా, నీటి ఒరవడిగా, గీత వంపుగా వాడవచ్చు. మీట పద్ధతిలో అలాంటి వరుసే చేతికి రాదు, ఎందుకంటే దాన్ని ముందే ముక్కలు చేసి పారేశాం.

మరో అభ్యంతరం సామాన్య ప్రేక్షకుడి తరఫున వస్తుంది: నేను ఏం చేస్తే ఏం జరుగుతోందో వెంటనే తెలియాలి, మీటలో అది తెలుస్తుంది, గీతలో తెలియదు. ఆటలకు ఇది పూర్తిగా వర్తిస్తుంది. 2004లో వచ్చిన సింగ్‌స్టార్ ఆటలో పాడినవారి పిచ్‌ను గడులతో పోల్చి మార్కులు వేస్తారు. అక్కడ ఒప్పు తప్పులు ఉన్నాయి కాబట్టి గడులు ఉండాల్సిందే. కళాకృతిలో మార్కులు ఎవరికి? పిల్లలను గీత ముందు నిలబెట్టి చూశాను. గొంతు పైకి పోతే గీత పైకి పోతుందని వాళ్లకు మాటల్లో చెప్పాల్సిన అవసరం రాలేదు, సైరను కూత కూసి అదే నిమిషంలో కనిపెట్టేశారు. సైరను కూతకు మీటల అమరిక వరుసగా పన్నెండు దీపాలు వెలిగించి ఊరుకుంటుంది.

గీత పద్ధతికి కూడా చేతకాని చోటు ఒకటి ఉంది, అది భజన. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావారంతా అందుకుంటారు. ఆడ గొంతులు, మగ గొంతులు ఒక స్థాయి ఎడంతో పాడతాయి, మధ్యలో చిడతలు, తాళాలు, చప్పట్లు. ఒకే గొంతు కోసం రాసిన యిన్ లాంటి ప్రోగ్రాము అక్కడ ఏ పిచ్ చెప్పినా అది గుంపులో ఎవరిదీ కాకపోవచ్చు. అలాంటప్పుడు పిచ్‌ను పక్కనపెట్టి, గుంపు గొంతుకు తీవ్రతనూ, చిడతలకు పై కంపనాల్లో వచ్చే మొనదేలిన దెబ్బలనూ వాడుకోవాలి. ఈ మార్పు కోసం ఎవరూ కంప్యూటరు దగ్గర కూర్చుని మీట మార్చనక్కరలేదు. ఎత్తుకునేవారు ఒంటరిగా పాడుతున్నంతసేపు నమ్మకం అంకె పైన ఉంటుంది, గుంపు అందుకోగానే తరచుగా పడిపోతుంది. ఆ పడిపోయిన మేరకు బొమ్మ పగ్గాలు పిచ్ నుంచి తీవ్రతకు చేతులు మారేలా రాసుకుంటే చాలు. తాళాలు మరీ దగ్గరగా మోగే చోట ఆ చేతులు మారడం కొంచెం ముందే జరగాలి, దానికి ఎంత హద్దు పెట్టాలన్నది ఆ గుడి పైకప్పు ఎత్తు, గోడల ప్రతిధ్వని చూసి అక్కడికక్కడే సరిచూసుకోవాల్సిందే.